మొదటి సెకను

ఐరాల దాటినాక మూడో మలుపులో
బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నా.
పెట్టెలో మిషను, సంచినిండా అట్టగొట్టాలు,
ముక్కుకి పెట్టే క్లిప్పులు పన్నెండు.
బీడీ తాగే మగవాళ్ళ కోసం పెట్టిన క్యాంపు ఇది.
చెంగల్రాయులు వచ్చాడు, ఊదాడు, బాగానే ఉంది,
బయటికెళ్ళి ఆ సంబరంలో ఇంకోటి ముట్టించాడు.
పోయినేడు కూడా ఇదే వరండా, ఇరవైమంది మగవాళ్ళు.
నేను రాసిన నివేదికలో
ఈ పల్లె ఆరోగ్యంగానే ఉంది.

వరసలో లేని మనిషి మొగిలమ్మ.
మనవరాలు మర్చిపోయిన పెన్సిలు డబ్బా
ఇచ్చిపోదామని వచ్చి
మూడు మెట్లెక్కి
స్తంభం పట్టుకుని నిలబడిపోయింది.
మాట రావడానికి ముందు
మెడ నరాలు మాట్లాడాయి.

"పొగ తాగుతావామ్మా?" అన్నా, కాగితంలో ఉన్నట్టే.
"థూ, నేనెందుకు తాగుతా నాయనా,
మా యింట్లో ఆ అలవాటు ఎవురికీ లేదు."
లేదు అనే గడిలో టిక్కు పెట్టా.
పెన్ను ఎత్తకముందే అంది:
"బెల్లం గానుగ కాడ పొయ్యి ఎగదోస్తా.
పెండ్లయిన కాణ్ణించీ."

చెరుకు పిప్పి పొయ్యి.
తడి పిప్పి పడ్డ రోజు పొగ తెల్లగా, లావుగా
పెనం చుట్టూ తిరిగి ఆమె దగ్గరికే వస్తుందట,
చంటిబిడ్డ మాదిరి.
దానికి గడి లేదు నా కాగితంలో.
అంచున, పిన్ను కొట్టిన చోట ఇరికించి రాసుకున్నా:
ముప్పై ఆరు సీజన్లు.

"గట్టిగా పీల్చు. ఇంగా. ఇప్పుడు ఊదు ఊదు ఊదు ఊదు"
కిటికీల్లోంచి పిల్లలు నాతోపాటు అరిచారు.
నవ్వొచ్చి మొదటిసారి చెడిపోయింది.
రెండోసారి దగ్గొచ్చింది.
మూడోసారి
ఇన్నేళ్ళూ ఊదుగొట్టంతో నిప్పు రాజేసిన పెదాలు
అట్టగొట్టాన్ని సరిగ్గా పట్టుకున్నాయి.
నేను నేర్పడానికి ఏమీ మిగల్లేదు.

మొదటి సెకనులో ఎంత గాలి బయటికొస్తే
మనిషి అంత తేలిక.
తెర మీద గీత గుట్టలా లేచి దిగాలి.
ఆమెది లేచీ లేవకముందే
అరిగిన కొడవలిలా లోపలికి వంగింది.
మందు పీల్పించి పావుగంట ఆగమన్నా.
ఆ పావుగంటలోనే మిగతావన్నీ బయటపడ్డాయి,
ఒక ఇంటి తలుపు తడితే
పక్కిళ్ళ వాళ్ళు వచ్చినట్టు.

చీలమండ మీద బొటనవేలు నొక్కి తీశా.
గుంట అట్లాగే ఉంది,
ఆరని బెల్లం అచ్చులో వేలు దిగినట్టు.
రాత్రిళ్ళు గోడకానుకుని కూర్చునే నిద్రపోతుందట.
గుండె పరీక్షకి చిత్తూరు రావాలి.
షుగరు రెండొందల పద్నాలుగు.
ఎత్తు కొలిస్తే, పాత ఆపరేషను చీటీలో ఉన్నదానికంటే
రెండంగుళాలు తక్కువ.
"పిప్పి మోపులు మోసిందెవురు నాయనా, నేనే కదా"
అంది, లెక్క తేలిపోయినట్టు.

చివరి ప్రశ్న అడగడం నాకెప్పుడూ చేతకాదు.
ఈ పదిహేను రోజుల్లో
ఇష్టంగా చేసేవి చెయ్యబుద్ధి కాకుండా పోయాయా?
అవుననలేదు, కాదనలేదు.
"మేకను అమ్మేస్తి" అంది.
నేను కాగితం తిప్పేలోపల తనే:
"గుట్ట మీద మేస్తా ఉంటే కేకెయ్యాలంటే గాలి చాలదు.
నా గొంతు కోసం చూసి చూసి
ఎవురు పిలిస్తే వాళ్ళెంట పొయ్యేది."

రెండో గీత కూడా కొడవలే.

చీటీ రాశా. పంపు వాడే తీరు చూపించా.
ఇంక పొయ్యి కాడికి పోవద్దు అన్నా.
నిజంగానే అన్నానా అన్నట్టు
నా మొహంలోకి చూసింది.
రోజు కూలి ఎంతో నేను అడగనే లేదు.

మెట్లు దిగబోతూ అట్టగొట్టం వైపు వేలు చూపించి
"అది నాకియ్యి, పొయ్యికి పనికొస్తాది" అంది.
నవ్వుతోందో లేదో ఆయాసంలో తెలీలేదు.
పసుపు సంచిలో పడేశా.

సాయంత్రం జీపు గానుగ పక్కనుంచే వచ్చింది.
పాకం పదునుకొచ్చే వేళ.
చిన్నప్పట్నుంచీ నాకిష్టమైన వాసన.
అద్దం ఎక్కించబోయి
చెయ్యి అక్కడే ఉంచుకుని
ఊపిరి పీల్చా, గుండెల నిండా.
వదలడానికి ఒక్క సెకను చాలింది.