పదిహేడో ప్రశ్న

సంఘం ఆఫీసుల, గిరగిర తిరుగని ఫ్యాను కింద
పట్నం నుంచి వచ్చిన సారు లాప్‌టాప్ తెరిచి
"సభ్యుల మనసు తెల్వకుంట
సంఘం ఎట్ల నడుస్తది?" అన్నడు.
నిజమే అనిపించింది.
నా చేతికి రెండు వందల పన్నెండు కాగితాలు,
ఒక అట్ట, దారం కట్టిన పెన్ను.

కొత్తవాడ గల్లీలకు నేను కొత్త గాదు.
పాసుబుక్కుల మీద ముద్ర కొట్టే పిల్లను.
ఈసారి ముద్ర లేదు, అడుగుడే.

ఒకటో ప్రశ్న: నూలు వేళకు అందుతున్నదా?
అయిదు గళ్ళు,
మస్తు సంతృప్తి కాడికెంచి అస్సలు లేదు దాక.
ఆడెపు మొండయ్య తాత
మగ్గం గుంతలకెల్లి కాళ్ళు తియ్యకుంటనే అడిగిండు:
"ఏ గడి కొడితే నూలు ఆగది బిడ్డా?"
పేర్లు రాయం తాతా, అన్న.
కాగితం పైకొసకు సభ్యత్వం నంబరున్నది.
కండ్లద్దాలు లేకుంటనే చదివిండు.
నేను పెన్ను మూత పెట్టి, మళ్ళ తీసిన.
సంతృప్తి.

చిప్ప కనకలచ్చిమి పేరు పట్టీల లేదు.
పేరు మొగనిది,
కండెలు చుట్టే వేళ్ళు ఆమెవి.
ఆయన వచ్చేలోపల
ఇరవై రెండు ప్రశ్నలకూ ఆమే చెప్పింది,
ఎవ్వలూ ఎన్నడూ అడగనట్టు,
నడుమ నడుమ పొయ్యి మీది కూర మర్చిపోయి.
మాడు వాసన వచ్చినంక
"ఇవన్ని ఆయన అన్నట్టే రాయి" అన్నది.

ఐతారం హనుమకొండ చౌరస్తల
కొనేటోళ్ళను అడిగినం.
జంపఖానా అనంగనే యాదికొచ్చేది ఏంది?
టెంటుహౌజు. భజన మండలి.
మిషన్ల ఉతకొచ్చునా?
లేత రంగులు లేవా, సోఫా ముందట ఏసేటట్టు?
అన్నీ రాసుకున్న.
ఒక పిల్ల మాత్రం
చెప్పులు ఇడిచి
నీలం చారల మీద పాదం పెట్టి
కొంచెంసేపు అట్లనే నిలబడ్డది.
వాళ్ళమ్మ పిలిస్తే పోయింది.
ఆ నిలబడుడు ఏ గడిల పట్టలేదు.

పదిహేడో ప్రశ్న:
అయిదేండ్లకు మీ ఇంట్ల ఈ పని ఉంటదా?
ఉంటది. ఉండది. చెప్పలేం.
ఈ ఒక్కదానికే అందరూ నవ్విండ్రు.
నవ్వుకు నంబరు లేదు,
చెప్పలేం కింద ఏసిన.

ముప్పై తొమ్మిది ఇండ్లకు తాళాలు.
సూరతుకు కొన్ని, భివండికి కొన్ని,
ఒకటి ఏడికో పక్కింటోళ్ళకూ తెల్వదు.
"జవాబు రానివి లెక్కల రావు,
తీసెయ్యి" అన్నడు సారు.
వాళ్ళు జవాబు చెప్పే పోయిండ్రు సారూ, అందామనుకున్న.
అనలేదు.
మిగిలిన కాగితాల వెనుక
పెన్సిలుతోని రాసి పెట్టుకున్న:
తాళాలు 39. అందుల మూడు ఇంకా తళతళ మెరుస్తున్నయి.

సర్వసభ్య సమావేశం నాడు
చాయ్, మిర్చి బజ్జీ,
గోడ మీద గుండ్రటి బొమ్మ.
డెబ్బై ఒక్క శాతం సంతృప్తి,
ముదురు ఆకుపచ్చ.
చప్పట్లు కొట్టిండ్రు. నేను గూడ కొట్టిన.
మొండయ్య తాత ఎనుక వరుసకెల్లి లేచి
బొమ్మ దగ్గరిదాక నడిచిపోయి
గోడ మీది వెలుగును
బట్ట చూసినట్టు వేలితోని తడిమిండు.

"మంచిగున్నది బిడ్డా.
గీ పచ్చ నూలే
పోయిన నెల రాసిచ్చిన.
ఎన్నడొస్తది?"