తరుగు

పెద్దాసుపత్రి వరండాలో
ఈ చివర ఒక ఎర్ర డబ్బా, ఆ చివర ఒకటి.
"ఆరు నిమిషాలు, మరియదాసు గారూ,
నడవగలిగినంత" అంది రెహానా.
గారూ అంటే ఎవర్నోనని వెనక్కి చూశాను.

చుట్టుగుంట యార్డులో ముప్పయ్యేళ్లు
టిక్కీలు మోసిన వీపు ఇది.
కొత్త గుమాస్తాలు తుమ్ముతుంటే నవ్వేవాళ్లం,
ఘాటు మమ్మల్నేం చేస్తుందిలే అని.

ఇప్పుడు చొక్కా గుండీలు పెట్టుకోవడానికి
రెండు విడతలు.

"ముక్కుతో పీల్చి, పెదాలు సున్నా చుట్టి వదలండి.
కొవ్వొత్తి ఊగాలి గానీ ఆరకూడదు."
ఇంట్లో నిజంగానే వెలిగించింది సువార్తమ్మ.
మొదటి వారమంతా ఆర్పుతూనే ఉన్నాను.
"అగ్గిపుల్లలకే నా కూలి సరి" అంది.

రెహానా కాగితం తీసి అడుగుతుంది:
మెట్లెక్కగలరా? స్నానానికి ఆయాసమా?
నిద్ర ఎలా ఉంది?
సున్నా నుంచి అయిదు లోపు చెప్పండి.
కాటా దగ్గర తూకం చెప్పినట్టు
ఒక్కో అంకే చెప్పుకుంటూ పోయాను.
తరుగు రాసే గడి మాత్రం ఆ కాగితంలో లేదు.

నిన్న బస్సు కోసం నిలబడి
రోడ్డు అవతల మా పాత జట్టువాణ్ణి చూసి
"ఒరేయ్ దావీదూ, ఆగరా!" అని కేకేశాను.
ఒక్క ఊపిరిలో.
ఆటోల మోతలోంచి వాడు తిరిగి చూశాడు.
తర్వాత దగ్గొచ్చింది, స్తంభం పట్టుకున్నాను,
అది వేరే సంగతి.

ఇవాళ రెండొందల డెబ్బై మీటర్లట.
పోయిన నెల మీద ముప్పై రెండు ఎక్కువ.

"కేకకి ఎన్నేస్తావమ్మా?" అనడిగాను.
కలం ఆపింది.
కాగితం వెనక్కి తిప్పి
ఏదో రాసుకుంది.