మూడో లఘువు

రెండు గురువులు, మూడు లఘువులు, ఆపైన పేరు.
డమ్మ్, డమ్మ్, డ-డ-డ, హెరన్స్!
ముప్పై ఏళ్ళుగా సెక్షన్ పదకొండులో
ఐలా కోర్పెలా వాయిస్తున్న డోలు ఇది.
ఆమె మొగుడు తాగి వాయిస్తే నాలుగో లఘువు పడేది,
రింకు మొత్తం నవ్వేది.
ఆయన పోయాక
నాలుగోది ఎవరూ వాయించలేదు.

ఈ చలికాలం పోర్ట్ హార్లన్‌లో
ఎక్కడ నలుగురు చేరినా ఒకటే మాట:
సాన్ టెరెలో. ఎక్కడో ఎడారిలో ఊరు.
టీముని కొనేవాడు అక్కడివాడట.
నా టైర్ల షాపులో వేళ్ళు మడిచి చూశాం,
బల్ల మీద తట్టి చూశాం,
ఆ పేరు మా చప్పట్లలో పట్టదు.
పట్టనందుకు కాసేపు సంతోషించాం, పిచ్చివాళ్ళం.

"వలసపిట్టని జెర్సీ మీద కుట్టుకున్నప్పుడే
ఆలోచించాల్సింది" అన్నాడు విక్టర్ ఓజిక్.
వాడికి ఆ రోజు టీ ఇవ్వలేదు.

శనివారం సెయింట్ ఓడిల్ వాళ్ళొచ్చారు.
మూడు బస్సులు, పసుపు స్కార్ఫులు,
ఏడాదంతా మాకోసం ఊరబెట్టిన తిట్లు.
వాళ్ళది నికెల్ కరిగించే ఊరు,
మాది కాగితం మిల్లు ఊరు, మిల్లు మూతపడి తొమ్మిదేళ్ళు.
మేం "బూడిద! బూడిద!" అంటాం.
వాళ్ళు "కాగితం కాలితే?" అని అడిగి
"బూడిదే!" అని వాళ్ళే జవాబు చెప్పుకుంటారు.
తాతల నాటి సంభాషణ.
మా అక్క మొగుడు అటువాడే,
ఈ మ్యాచి రోజు మాత్రం
అక్క అతని కారెక్కదు.

మొదటి పీరియడ్‌లో తాళంచెవులు ఊపారు,
ఐదొందల గుత్తులు, గలగలా,
"సర్దుకోండి! సర్దుకోండి!"
అది బాగుంది. అది మామూలే.
మేమూ ఊపాం, మాకూ ఇళ్ళున్నాయిగా.

మూడో పీరియడ్ మధ్యలో,
నాలుగు-ఒకటితో వెనకబడి
మా గొంతులు చల్లారుతుంటే
అటునుంచి వినిపించింది:
డమ్మ్, డమ్మ్, డ-డ, హెరన్స్.
రెజాన్ తెరియో!
ఇరవై రెండేళ్ళు మా గోలీల తల్లుల్ని
పేరుపేరునా పలకరించినవాడు,
టోపీ తీసి మా పేరు అంటున్నాడు.
వాడి వెనక మూడు బస్సుల జనమూ అంటున్నారు.
తప్పుగా. ఒక లఘువు తక్కువగా.

చావింటికి పరామర్శకొచ్చినట్టు.
పోయిందెవరని?
నా చెవులు భగ్గుమన్నాయి.
దోరీన్ మిషెనీన్ కుర్చీ ఎక్కి అరిచింది:
"మా పేరు కింద పెట్టండ్రా! తిట్టండి!"
తిట్టండి, తిట్టండి, అంది సెక్షన్ పదకొండు,
తర్వాత పన్నెండు, తర్వాత
హాట్‌డాగులమ్మే కుర్రాడు కూడా.
డెబ్బై ఒక్కేళ్ళ ఐలా డోలుని ఒళ్ళోకి లాక్కుంది.
బూడిద! బూడిద!
అటువైపు ఒక్క క్షణం ఊపిరి లేదు.
ఆ తర్వాత, దేవుడా,
ఎంత కృతజ్ఞతగా అడిగారో
"కాగితం కాలితే?"

మంగళవారం కౌన్సిల్లో ఓటు,
రింకు పైకప్పుకి డబ్బివ్వాలా వద్దా అని.
ఏమవుతుందో నాకు తెలీదు.
తెలిసినట్టు మాట్లాడేవాళ్ళ టైర్లు
నేను ఆఖర్న మారుస్తున్నాను.

ఆ రాత్రి మైనస్ ముప్పై ఒకటి.
వాళ్ళ మూడో బస్సు బ్యాటరీ చచ్చింది.
నా ట్రక్కు ఆనించి తీగలు తగిలించాను.
రెజాన్ టార్చి పట్టుకున్నాడు, వెలుగు వణుకుతోంది.
వచ్చే ఏడాది సంగతి నేనడగలేదు.
"మీ గోలీ తలుపు లేని గుమ్మం" అన్నాడు.
"మీవాడికి గుమ్మం కూడా లేదు" అన్నాను.
ఇంజను దగ్గి, లేచింది.

వంతెనెక్కుతూ బస్సు హారన్ కొట్టింది,
రెండు పొడుగు, రెండు పొట్టి.
మళ్ళీ తప్పే.
ట్రక్కెక్కి, కిటికీ దించి,
మూడోది నేను కొట్టాను.