చుక్కలు తినేసిన మిషను

చిత్తూరు కోర్టు ఎదురుగా
మునిరత్నమన్న జెరాక్సు కొట్లో
పగలంతా దస్తావేజులు,
ఆరు దాటినాక మాంగా.

పుస్తకం వేలూరు నుంచి వచ్చేది,
తస్లీం చిన్నాయన కొడుకు హాస్టల్లో
ఎవడో అరువిచ్చింది.
ఎల్లుండికి తిరిగి వెళ్లిపోవాలి.
కొనాలంటే నాలుగొందలు,
మా అమ్మ మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో
రెండు దినాలు టెంకలు తీసిన కూలి.

చెడిపోయిన కాగితాల వెనకవైపైతే
పేజీ అర్ధరూపాయికే తీసిస్తానన్నాడు అన్న.
అందుకే నేను చూసిన మొదటి కత్తియుద్ధం వెనక
ఎవరిదో ఎకరా పదిసెంట్ల క్రయపత్రం.
వెలుతురుకు పెడితే
ఎగిరి దూకే కుర్రాడి కాళ్లకింద
తిరగబడ్డ అక్షరాల్లో చెక్కుబంది.

తొలిరోజు ఎడమ నుంచి మొదలుపెట్టాను.
చచ్చినోడు లేచి కూర్చున్నాడు.
కారిన కన్నీళ్లు పాకి కంట్లోకెక్కినాయి.
బదులు ముందొచ్చి
ప్రశ్న వెనకాల తచ్చాడింది.
తస్లీం పొట్ట పట్టుకున్నాడు.
"కుడినించి చదవాలబ్బా,
మా దాదా ఉర్దూ పేపరు మాదిరి.
మీ దస్తావేజు మాత్రం?
తూర్పుతోనే కదా మొదలు.
పటంలో తూర్పు యాడుండాది?"
అన్న కొట్టిన పిన్నులన్నీ పీకించి
మళ్లీ కుడిపక్క కొట్టించినాం.

ఆ మిషను ముసల్ది.
బూడిదరంగు కోసం అచ్చులో చల్లిన సన్న చుక్కల్ని
కోడి నూకలేరినట్టు ఏరి తినేసేది.
మబ్బులు పోయేవి, గోడల నీడలు పోయేవి,
గీత ఒక్కటే మిగిలేది.
గీతను ప్రేమించడం అట్లా వచ్చింది నాకు.
మొదట లావుగా దిగి
చివర్న వెంట్రుకై తేలిపోయే చోటు,
అక్కడ గీసినోడి మణికట్టు కనబడుతుంది.
ఏడు గీతలతో వాన పడితే
ఎనిమిదోది ఎందుకు వెయ్యలేదా అని
చాలాసేపు చూసేవాణ్ణి.

తస్లీంకి మాత్రం రంగుండాలి, కదలాలి.
వాళ్ల నాయన లారీలకు బొమ్మలేసే మనిషి,
నుదుటి పలకమీద ఒక జత కళ్లు గీసి
నల్లగుడ్డులో తెల్లచుక్క పెట్టేదాకా
బండిని షెడ్డు దాటనియ్యడు.
అనిమేలో ఆ పెద్దపెద్ద కళ్లు
వాడికి వింతెట్లా అవుతాయి?

కంప్యూటరులో గుండ్రంగా తిప్పి చూపే బొమ్మలు
నాకు ఇప్పటికీ పడవు.
మైనం పూసిన యాపిలు మాదిరి,
నోట్లో పెట్టబుద్ధి కాదు.
డబ్బు మిగుల్చుకోవడానికి
ముఖమంతా ఆపేసి నోరొక్కటే ఆడిస్తారే,
అది చవకని అందరూ ఎగతాళి చేస్తారు.
రాత్రి షిఫ్టు దిగొచ్చి గడపలో కూలబడి
మా అమ్మ అట్లాగే మాట్లాడేది.

పోయిన నెల జీతంలో
అసలు పుస్తకం తెప్పించుకున్నాను.
నూటనాలుగో పేజీ.
రైలుస్టేషన్లో ఆ పిల్ల ఒక్కతే నిలబడుకోని ఉంటుంది.
పదకొండేళ్లుగా మిట్టమధ్యాన్నం అది నాకు,
పట్టాలు కాలుతుండే ఎండ,
చెప్పుల్లేని ఆ పిల్ల కాళ్ల గురించి
ఎంత బాధపడ్డానో.
అచ్చులో చుక్కలే చుక్కలు.
రాత్రంట అది.

తస్లీంకి ఫోన్ చేసినాను.
"ఒరే, అది రాత్రిరా."
"నాకెప్పుడో తెలుసు."
"చెప్పలేదే?"
"నువ్వు ఎండలో చదవతా ఉంటివి,
ఏమని చెప్పేది?"

కొత్త పుస్తకం బీరువాలో పెట్టేసినాను,
చాలా బాగుంది, అబద్ధమెందుకు.
పాతకట్ట తీసి,
తుప్పుపట్టిన పిన్ను వేలికి గుచ్చుకోకుండా
నూటనాలుగో పేజీ తెరిచినాను.
ఎండ అట్లాగే ఉంది.
కిటికీకి ఎత్తి పట్టుకుంటే
ఆ పిల్ల భుజం వెనక, తిరగేసి,
ఉత్తరం: సర్కారు పోరంబోకు.