నాలుగు వేళ్ళు తక్కువ

గుడారం బరువు పెట్టె మీదే అచ్చేసి ఉంది.
దాని కింద పరిచే పట్టా బరువు మాత్రం
ఎవరూ రాయరు.

పోయిన కార్తీకంలో, తలకోన పైన,
ఈతముల్లు ఒకటి గుడారం అడుగు చీల్చుకుని
నా వీపును పలకరించింది.
తెల్లారి చూస్తే ఆవగింజంత బొక్క.
దాని చుట్టూ చెమ్మ,
పంచె మీద ఒలికిన కాఫీలాగా పాకి ఉంది.

చిత్తూరు పోస్టాఫీసులో ఇరవై ఏడేళ్ళుగా
గ్రాములకు వెల కట్టే దాన్ని నేను.
ఇరవై గ్రాములు దాటిన కవరు ముందు
ఎంతమంది మొహం మాడ్చుకున్నారో చూశాను.
ఇప్పుడు నా మోకాళ్ళే కౌంటరు అవతల నిలబడి
చిల్లర అడుగుతున్నాయి.

బజారువీధిలో ఖాసిం సాయిబు
నీలం టార్పాలిన్ దులిపి చూపించాడు.
"చెనక్కాయలు ఆరబోసుకుంటారు మే దీని మింద.
పదేండ్లు చూడబళ్ళేదు."
సాయంత్రం పార్సిళ్ళ లెక్క మూసేశాక
త్రాసు మీద పెట్టాను.
రెండు కిలోల నూట పది.
ప్యాకర్ కుప్పన్న నవ్వాడు.
"దీన్ని రిజిస్టరు చేసి పంపించేయండి మేడం,
మీరు వట్టి చేతుల్తో కొండెక్కండి."

తర్వాత ఫ్లెక్సీ.
పుట్టినరోజు అయిపోయి గోడ దిగిన నాయకుడెవరో,
దండం పెడతా, పళ్ళన్నీ చూపిస్తా.
మడిస్తే మడత నిలవదు,
చుడితే మళ్ళీ లేచి నవ్వుతాడు.
ఆ నవ్వు మీద పడుకోవడం నాకు ఇష్టమే
కానీ కిలోంబావు.
ఆయన మాటలతో నేసుంటే
ఇంకా తేలిగ్గా ఉండేది.

పలమనేరు నుంచి మా చెల్లెలి మామ
టమాట మడుల్లో పరిచే షీటు పంపించాడు.
ఒకవైపు వెండి, ఒకవైపు మసి.
చేతిలో ఉందో లేదో తెలియదు. నూట నలభై!
ముళ్ళు చూసుకోవచ్చులే అనుకుని విప్పాను.
మూరకొక బొక్క.
ఒక్కో బొక్కా ఒక్కో మొక్క మెడ కొలత.
చేనులో అది దుప్పటి,
నా కింద జల్లెడ.

ఆర్‌డీ కట్టడానికి వచ్చింది దేవసేన,
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో డ్రమ్ములు కడిగే దేవసేన.
గాజు కిటికీలోంచి నా గోడంతా విని
"డ్రమ్ము లోపల పెట్టే సంచులు ఉండాయి మే,
మూతి చెడితే పారేస్తారు.
గుజ్జే కారలేదు, వాన కారతాదా?" అంది.

మర్నాడు తెచ్చింది,
ఇస్త్రీ చీర మడతపెట్టినట్టు పెట్టి.
అంచులు కోసి విప్పితే వరండా పొడుగు.
మూడుసార్లు సబ్బునీళ్ళు,
నాలుగోసారి నిమ్మతొక్క.
తోతాపురి వాసన ఒక్క అడుగు వెనక్కి తగ్గలేదు.
నూట తొంభై గ్రాములు.
సాయిబుకు చెప్తే గడ్డం నిమురుకున్నాడు.
"ఎలుగ్గొడ్డుకు నీ అడ్రసు
పిన్‌కోడ్‌తో సహా తెలిసిపోతాది మే."

గుడారాన్ని దాని మీద నిలబెట్టి
చుట్టూ సుద్దతో గీత గీశాను.
కత్తెర గీత మీద వేయలేదు,
నాలుగు వేళ్ళు లోపలికి వేశాను.
అంచు బయటికి వచ్చిందంటే
గుడారం మీది వానంతా దాని మీద దిగి
నేరుగా నడుం కిందికి నడిచొస్తుంది.

పక్క తడిపే వయసులో
అమ్మ నా దుప్పటి కింద తన పాత చీర
ఇట్లాగే పరిచేది,
అంచు లోపలికి మడిచి,
పొద్దున్నే వచ్చే అత్తలకు కనబడకుండా.
ఆ చీర రంగు ఎంత ఆలోచించినా గుర్తు రాదు.

మిగిలిన ముక్కలు తూచాను, అలవాటు పోక.
ఇరవై ఒకటి.
ఒక్క గ్రాము ఎక్కువ, స్టాంపు మార్చాలి.

ఈ రాత్రి తలకోనలో రెండు గంటల నుంచి వాన.
చెయ్యి అడుగున పెట్టి తడుముతున్నాను,
ఈ మూల, ఆ మూల, నడుం దగ్గర మళ్ళీ ఒకసారి.
పొడి.
చీమలు వచ్చేశాయి.
ఎలుగ్గొడ్డు ఇంకా రాలేదు.