ముందు ఎడమ చక్రం

పగిలిన గుడ్ల లెక్కే మొదట చెప్పింది.
వెనక పేర్చిన అట్టలు క్షేమం,
నా పక్క సీట్లో పెట్టినవాటిలో మాత్రం
రోజూ ఎనిమిదో తొమ్మిదో చిట్లేవి.
మింట్ బ్రిడ్జి దిగేటప్పుడు టక్,
బేసిన్ బ్రిడ్జి మలుపులో టకటక్.
రేడియో గొంతు పెంచి ఏడాది నెట్టుకొచ్చాను.

పుదుపేటలో సగాయం వ్యాన్‌ని జాకీ మీదికెత్తి
చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు,
కదిలే పంటిని నాలుకతో తోసి చూసే పిల్లాడిలా.
"ఇది బండి కాదన్నా, ఉయ్యాల."
నా మోకాళ్ళూ ఇంతేనోయ్ అన్నాను.
"వచ్చిన ప్రతివాడూ అదే అంటాడు.
మోకాలికి బుష్ దొరకదు, దీనికి దొరుకుతుంది.
కాస్త వెలుతురు వదిలి నిలబడండి."

లోయర్ ఆర్మ్ ఊడొచ్చింది,
ఇరవై ఆరేళ్ళ బురదని తొడుక్కుని.
బుష్ రబ్బరు మడమలా పగిలింది.
బాల్ జాయింట్ టోపీ చిరిగి
గ్రీజుండాల్సిన చోట తుప్పునీళ్ళు.
వరదలప్పుడు వ్యాసార్పాడిలో మూడ్రోజులు మునిగింది కదా,
ఆ నీళ్ళే కావచ్చు.
పాత బుష్ రానంటే రానంది. ఇన్బా కాల్చి వదిలించాడు.
ఆ కమురు మధ్యాహ్నం నా పెరుగన్నంలోకీ వచ్చింది.

కొత్తవి సబ్బునీళ్ళతో జారి కూర్చున్నాయి.
బిగిద్దామని స్పానర్ తీశాను.
సగాయం చెయ్యి పట్టి ఆపాడు.
"గాల్లో వేలాడుతుండగా బిగిస్తే
రబ్బరు మెలిపడి ఆర్నెల్లకే పోతుంది.
నేలకి దించండి. లోపల బరువు పెట్టండి.
మోస్తున్నప్పుడే చివరి చుట్టు."
బరువంటే ఎవరు? ఇన్బా, నేను, టీ తెచ్చిన ముసలాయన.
ముగ్గురం ఎక్కడికీ పోని వ్యాన్‌లో
బుద్ధిగా కూర్చున్నాం,
కింద నించి స్పానర్ మూలుగు ఆగేదాకా.

మర్నాడు మింట్ బ్రిడ్జి మాట్లాడలేదు.
ఒక్క గుడ్డూ చిట్లలేదు.
కొండితోపు తోపుడుబండి దగ్గర
సెల్వరాణి ఎప్పట్లాగే గిన్నెతో వచ్చింది.
సగం ధరకి చిట్లినవన్నీ ఏడాదిగా ఆవిడవే,
ఆమ్లెట్లకి కొన్ని, ఇంట్లో పిల్లలకి కొన్ని.
"ఇవాళ లేవా?"
"బండి బాగైంది."
"మంచిదేగా," అంది.
పొడిగా ఉన్న గిన్నెనే కొంగుతో తుడిచింది.

ఇంజన్ ఆపలేదు.
పై అట్టలోంచి ఒకటి తీసి
స్టీరింగుకి తాకించాను.
టక్.
తెలిసిన చప్పుడే.
ఇంకొకటి తీశాను.
ఎనిమిదా తొమ్మిదా, లెక్క రాయలేదు.