నలభయ్యో నంబరు దారం

నాలుగ్గంటలకు, పాలబండి రాకముందే
బాత్రూములో జీరో బల్బు కింద నిలబడతా.
గడ్డం కింద మూడుంటాయి,
రెండు నల్లవి, ఒకటి తెల్లబడతా ఉండాది.
గాంధీ రోడ్డులో ముప్పై రూపాయలకు కొన్న ప్లక్కరు,
కొన వంకరపోయింది.
ఒక కన్ను మూసుకుని పట్టి లాగతా.
పదిహేడేండ్లుగా ఇదే లెక్క.
దొరస్వామికి తెలీదు.
తెలీదనే అనుకుంటా ఉండాను.

మా యమ్మ పసుపూ శనగపిండీ కలిపి పూసేది,
ఎండినాక కిందినుంచి పైకి రుద్దేది.
"రాలిపోతాయి లేమే, పెండ్లికి ముందే రాలిపోతాయి."
రాలలేదు.
మొహం మాత్రం చింతపండుతో తోమిన రాగిచెంబు మాదిరి మెరిసింది.
ఎనిమిదో తరగతిలో మగపిల్లోళ్ళు పెట్టిన పేరు
కొర్లగుంటలో కూరగాయలు బేరం చేస్తావుంటే
ఇప్పటికీ ఎవరో ఎనకనుంచి పిలిచినట్టుంటాది.

ఒకసారి చక్కెరా నిమ్మరసమూ కాచినా.
పాకం ముదిరింది.
వారం రోజులు పైపెదవి మీద
ఎర్రటి మీసం మోసినా.
నూనె చిందిందని చెప్పినా.

ఈ ఊర్లో వెంట్రుకకు ఎంత మర్యాద!
కొండెక్కి తల వంచితే తలనీలాలంటారు.
నావి మూడింటికీ పేరు లేదు.
కాగితంలో చుట్టి చెత్తబుట్ట అడుక్కి తోస్తా.

దారం పట్టేది ఎదురింటి కుప్పమ్మక్క నేర్పించింది,
జాకెట్లు కుట్టే మనిషి.
నలభయ్యో నంబరు తెల్లదారం,
ఒక కొస పంటికింద, నడుమ మెలికలు,
వేళ్ళు కత్తెర మాదిరి తెరిచి మూయాల.
మొదట నా పిక్క మీద నేర్చుకున్నా.
తర్వాత కనుబొమ్మ మీద.
ఎడమది సగం ఎగిరిపోయి
నెలంతా కాటుకతో గడిపినా.

పాపకు టైఫాయిడ్ తగ్గితే
గంగమ్మ జాతరకు ఆడవేషం కడతానని
దొరస్వామి మొక్కుకున్నాడు.
ఇరవై ఏండ్ల మీసం పొద్దున్నే తీసేసినాడు.
నా ఆకుపచ్చ ధర్మవరం చీర కట్టినా,
మా ఆడబిడ్డ క్లిప్పు కమ్మలు పెట్టినా.
అద్దంలో చూసుకుని మొహం ముడుచుకున్నాడు.
"ఏమ్మే, ఇంకా ఆటో డ్రైవరే కనపడతాండాడు.
ఈ బొమ్మలు రోంత సన్నం చెయ్యి."

స్టూలు మీద కూర్చోబెట్టి పౌడరు అద్దినా.
"రెప్ప లాగి పట్టుకో."
మొదటి వెంట్రుకకే ఆయన కేకకు
కిందింటి కుక్క మొరిగింది.
రెండోదానికి నీళ్ళ బిందె తన్నినాడు.
పాప గడపలో నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
"దుడ్లిచ్చి చేయించుకుంటారా ఆడోళ్ళు దీన్ని?
నువ్వు యాడ నేర్చుకున్నావ్?
ఎవరికి చేస్తావ్?"
నేను పలకలేదు.
దారం పండ్ల మధ్య ఉంది.
దారం పండ్ల మధ్య ఉండేది ఎంత మేలో
ఆ పూట తెలిసింది.

ఆయన మొహానికి నా మొహం జానెడు దూరం.
కిటికీ ఎండ సూటిగా నా గడ్డం మీద.
ఆ తెల్లవారి కరెంటు లేదు, లెక్క తప్పింది,
మూడూ ఉండాయి.
నీళ్ళు నిండిన ఆయన కండ్లు
అక్కడికొచ్చి నిలిచినాయి.

ఏమీ అనలేదు.
రెండో బొమ్మకు అరవలేదు.
నా చీర కుచ్చిళ్ళు పిడికిట్లో నలుపుకుంటా
అయ్యేదాకా కదల్లేదు.

రాత్రి వేపాకు వాసనతో వచ్చినాడు,
పౌడరు చెమటకు చారలు కట్టింది.
వీధిలో ఎవురో "అక్కా" అన్నారంట.
చీర మడిచి నా చేతికిచ్చి పడుకున్నాడు.

మరుసటి రోజు నాలుగ్గంటలకు
బాత్రూము తలుపు తోస్తే లోపల ఆయన,
పైపెదవి మీద వేలు రాసుకుంటా.
"అప్పుడే మొలస్తాండాయి మే. గరగరా అంటాండాయి."
అద్దం ముందునుంచి పక్కకు జరిగినాడు,
ఇంకొక మనిషి పట్టేంత.
నా చేతిలో ప్లక్కరు.
దాని వైపు చూసి, తలెత్తి జీరో బల్బు వైపు చూసి,
"ఈ ఎలుగులో ఏం కనపడతాది నీకు?
సాయంత్రం పెద్ద బల్బు తెస్తాలే" అన్నాడు.